కాగుకు కప్పిన గోనెపట్టా

పట్నంలో కూవం ఏరు పొంగి చూలై వీధుల్లో నడుము లోతు నీళ్ళు నిలిచి, జనం ఊడబెరికిన తలుపు రెక్కల మీద కూర్చుని వీధి దాటిన ఏడు ఉంది కదా, ఆ పెద్ద వెల్లువకు పదకొండో ఏట జరిగింది ఇది. ఆ వెల్లువలో వెంకటపతి ఇంటి నీలి కాగులు నాలుగిట్లో మూడు పగిలిపోయినాయి. ఒకటే మిగిలింది. సగం నేలలోకి పాతి, సగం పైకి కనిపించే పెద్ద మట్టి కాగు. దాంట్లో నీలిమందు, సున్నం, తగిరిస గింజల కషాయం కలిపి పులియబెడితే నూలుకు రంగు పట్టేది. ఆ ఇల్లంతా ఆ ఒక్క కాగు మీద బతికేది.

మార్గళి నెల, చలి ముదిరిన కాలం. ఇంకా పొద్దు పొడవలేదు. వెంకటపతి పెండ్లాం పంకజం పెరట్లో రాతి తొట్టి ముందర కూర్చుని నూలు చిలపలు కడగతా ఉండింది. కాగులోంచి తీసేటప్పుడు నూలు పచ్చగా ఉంటుంది, గాలి తగిలినాక నీలం తిరుగుతుంది. అప్పుడు దాన్ని చల్లనీళ్ళలో ఏడు మార్లు కడగాల. నీళ్ళు తేటగా వచ్చిందాకా వదలకూడదు. ముంచేది మగ చెయ్యి, కడిగేది ఆడ చెయ్యి. ఆ వీధిలో అది తాతలనాటి కట్టు. ఆ ఆడ చెయ్యి కూడా ఇంటిదే అయి ఉండాల. కూలిదాని చేత కడిగిస్తే రంగు గుట్టు పక్కింటికి పోతుందని వాళ్ళ భయం. ముంచినవాణ్ణి మేస్త్రి అంటారు. కడిగినదాన్ని ఏమీ అనరు.

రెండేండ్లుగా పంకజం వేళ్ళు నీలంగా ఉండేవి. ఆ వీధిలో అదొక వింతా? మేస్త్రి చేతులు నీలం, మేస్త్రి అమ్మ చేతులు నీలం, పక్కింటి పసిబిడ్డ బుగ్గ మీద తల్లి వేలిముద్రలు నీలం. పెళ్ళిపందిట్లో చేతులు చూసి, వీళ్ళు ఫలానా వీధి చుట్టాలని చెప్పేయొచ్చు. మొదటి ఏడు ఆమె అత్త పొన్నమ్మతో చెప్పింది: "అత్తా, చల్లనీళ్ళలో పెడితే నా వేళ్ళు చచ్చిపోతా ఉండాయి. సూది గుచ్చినా తెలీడం లేదు." పొన్నమ్మ నవ్వింది. "రంగు మేస్త్రి పెండ్లానికి నీలం వేళ్ళు కాక గులాబీ వేళ్ళు వస్తాయా? నేను నలభై ఏండ్లు కడిగినా. నావేమన్నా రాలిపడినాయా?"

ఆ తర్వాత పంకజం చెప్పడం మానేసింది. చెప్పడం మానిందిగానీ లెక్కబెట్టుకోవడం మానలేదు. తొట్టి ముందర కూర్చుంటే చేతులకే గదా పని, మనసు ఖాళీ. మోకాళ్ళు వాచి లేవలేని పొద్దు మొగుడన్న మాట: "ముప్పై నిండలేదు, అప్పుడే ముసలమ్మ నడక నేర్చినావే." మిద్దెమీద ఎండలో నూలు ఆరేసి దిగితే ముక్కుకు రెండు పక్కలా బుగ్గలు కమిలి ఎర్రబడేవి, రెక్కలు చాపిన సీతాకోకచిలుక మాదిరి. అప్పుడన్న మాట: "ఎవరు చూడాలని పూసుకున్నావు ఆ రంగు? కోడంబాకంలో సినిమా వేషం కట్టేదానికి పోతావా?" దానికి అత్త వేసిన తాలింపు: "ఆ మొగంతో కాగు తట్టు చూడబాకమ్మా, అలుగుతుంది." కాగు తట్టు చూడకూడని మనిషి కాగులో ముంచిన నూలంతా కడగొచ్చు! మొగానికి ఉన్న అంటు చేతులకు లేదేమో. రెండు మార్లు కడుపు పోయినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అదే అన్నిటికంటే పెద్ద మాట. ఇక రెండు చిలపల రంగు కలవనప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది. "ఏమే, ఇట్లారా. ఈ రెండిట్లో ఏది ముదురు?" పంకజం పుట్టింది నారాయణవనంలో, రంగు పని చేసేవాళ్ళ ఇంట్లోనే. ఒక్క చూపు చూసి చెప్పేది. లుంగీల షావుకారు వచ్చి భేష్ అంటే ఆయన మీసం తుడుచుకుని "మన కన్ను అట్లాంటిది" అనేవాడు. వాకిలి వెనకనుంచి అది విని పంకజానికి కోపం కూడా వచ్చేది కాదు, నవ్వు వచ్చేది. నా కన్ను నాకు తెలుసులే అనుకునేది.

ఆ మార్గళి నడిమిలో కాగు అలిగింది. పైన కట్టే నురుగు పడిపోయింది, రాగి మెరుపు పోయింది, వాసన పుల్లబడింది. నూలు ముంచితే బూడిద రంగు తేలింది. కాగు చావబోతా ఉండాదని వీధంతా తెలిసిపోయింది. పరామర్శకు జనం వచ్చినారు. వెంకటపతి తిండి మానేసినాడు. కాగు చుట్టూ పొట్టు నిప్పు పెట్టినాడు. ఇంట్లో ఉన్న గోనెపట్టాలన్నీ తెచ్చి రెండు వరసలు కప్పినాడు. తగిరిస గింజలు ఉడికించి పోసినాడు, బెల్లం కరిగించి పోసినాడు. పొద్దస్తమానం పక్కన కూర్చుని, బిడ్డకు జ్వరం చూసినట్టు పట్టా కింద చెయ్యిపెట్టి కాగు కడుపు తడిమేవాడు. "చలికి పడిపోయింది పాపం. వెచ్చగా పెడితే లేస్తుంది" అనేవాడు.

పాపం! తొమ్మిదేండ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట ఇంకెవరికోసమూ పంకజం వినలేదు.

నాలుగు నాళ్ళు రంగు పని లేదు. పంకజం చింతపండుతో, సీకాయతో చేతులు తోముకుంటే గోళ్ళ సందుల్లో నీలం కూడా వదిలింది. అయిదో నాడు తెల్లారి ముగ్గు వెయ్యడానికి వాకిలి కడిగింది. చన్నీళ్ళు. మూడో చెంబుకు వేళ్ళు రెండో కణుపుదాకా మైనంలాగా తెల్లబడినాయి. చూస్తా ఉండగానే ఆ తెలుపులోకి నీలం దిగింది. చూపుడువేలి కొన మీద రెండు నెలలుగా మానని పుండు చుట్టూ నీలం ఇంకా ముదురు.

చెంబు పక్కన పెట్టి చూసింది. కాగు చచ్చి పడి ఉండాది. నూలు ముట్టి నాలుగు నాళ్ళాయె. మరి ఈ నీలం ఏడనుంచి వచ్చింది?

వేళ్ళు పోటు పెడతా ఉంటే ఓర్చుకోలేక ఇంట్లో వెచ్చగా ఏముందా అని చూసింది. పొయ్యి ఇంకా రాజేయలేదు. వెచ్చగా ఉండేది ఒకటే. పోయి గోనెపట్టా ఎత్తి, రెండు చేతులూ కాగు కడుపుకు ఆనించింది. అబ్బా, ఎంత వెచ్చగా ఉండిందో! నూరు అంకెలు లెక్కబెట్టి తీసి చూస్తే నీలం లేదు. వేళ్ళు ఎర్రగా, జలజలా నెత్తురు పారతా ఉన్నట్టు మండతా ఉండినాయి.

పంకజం రంగు ఇంట పుట్టింది, రంగు ఇంట మెట్టింది. నీలి సంగతి ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సబ్బుకు పోదు, ఎండకు పోదు, ఉడుకునీళ్ళకు పోదు. వెచ్చబెడితే ఎగిరిపోయే నీలం లోకంలో లేదు. ఇది కాగుది కాదు, నాది. నా ఒంటి లోపల ఏదో ఈ రంగు వేస్తా ఉండాది. రెండేండ్లుగా వేస్తానే ఉండాది. రంగులు తెలిసినోళ్ళ వీధిలో ఉండబట్టే ఒక్కరికీ కనపడలేదు!

"అయ్యయ్యో, ముట్టేసిందిరా!" అని వెనకనుంచి పొన్నమ్మ కేకేసింది. వెంకటపతి లేచి పరిగెత్తుకొచ్చినాడు. పంకజం రెండు చేతులూ చాపి "మామా, ఇది చూడు" అనింది. ఆయన చేతులు చూడలేదు. వంగి పట్టా మళ్ళీ సరిగ్గా కప్పినాడు. "గాలి తగిలితే చలేస్తుంది దానికి. పట్టా తియ్యబాక."

ఆ పొద్దే ఆమె ఆసుపత్రికి బయలుదేరింది. ఎవర్నీ అడగలేదు. వంట చేసి మూతపెట్టి, "పోయొస్తా అత్తా" అని చెప్పింది, అంతే. తొట్టికి నీళ్ళు మోసే చిన్నపొన్ను తోడు వచ్చింది. "మా సందులో ఆరోగ్యమేరి అని నర్సమ్మ ఉండాది అక్కా. ఆమెతో చెప్తే డాక్టరమ్మ దగ్గర కూర్చోబెడుతుంది" అనింది. ట్రాములు నిలిచిపోయి ఏడాది దాటింది అప్పటికి. ఇద్దరూ నడిచే పోయినారు.

ఆసుపత్రి లోపల చల్లగా ఉండింది. పంకజం వంతు వచ్చేసరికి వేళ్ళు మళ్ళీ నీలం తిరిగినాయి. ఆరోగ్యమేరి చూసి దూదికి స్పిరిట్ అద్దింది. "రంగుపని చేతులు కదా. ఉండు, తుడిస్తే పోతుంది."

"తుడిస్తే పోదమ్మా. వెచ్చబెడితే పోతుంది" అనింది పంకజం.

ఏదో రాసుకుంటా ఉన్న డాక్టరమ్మ తలెత్తింది. "ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

పంకజం మొదటినుంచీ చెప్పింది. ముందు తెలుపు, తర్వాత నీలం, వెచ్చబెడితే ఎరుపు. ఎండలో బుగ్గలు కమిలేది, కీళ్ళు వాచేది, దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. ఒక్కటీ తడుముకోలేదు. రెండేండ్లుగా మనసులో వరసగా పేర్చి పెట్టుకున్న మాటలాయె. డాక్టరమ్మ అడగతా పోయింది, ఈమె చెప్పతా పోయింది. "కడుపు పోయిందా ఎప్పుడైనా?" "రెండు తూర్లు." ఆ మాట ఒకరు అడగడం అదే మొదలు.

నెత్తురు తీసుకుని వారానికి రమ్మనింది. వారానికి పోతే జబ్బుకు పేరు చెప్పింది. లూపస్ అంట. ఎందుకొస్తుందో డాక్టర్లకు కూడా పూర్తిగా తెలీదంట. "అంటుకునేది కాదు, నీ తప్పూ కాదు. నీ ఒళ్ళే నీ ఒంటిమీద పోరాడతా ఉంది అనుకో" అనింది డాక్టరమ్మ. "నెత్తురు పారే సన్నటి గొట్టాలు ఉన్నాయే, నీకు అవి దెబ్బతిన్నాయి. చల్లదనం తగిలితే బిగుసుకుపోతాయి. నెత్తురు అందక వేలు తెల్లబడుతుంది. ఉన్న నెత్తురు నిలిచిపోయి నీలమవుతుంది. వెచ్చబడితే గొట్టాలు తెరుచుకుని ఎర్రబడుతుంది. నువ్వు చూసింది చూసినట్టు సరిగ్గా చెప్పినావు."

"ఈ పుండు?"

"నెత్తురు అందకనే మానలేదు. ఇంకా చల్లనీళ్ళలో పెడితే ఆ కొన నల్లబడి ఎండిపోతుంది. తర్వాత తీసెయ్యాల్సిందే. గొట్టాలు వేళ్ళలో మాత్రమే ఉండవు పంకజం. గుండెలో ఉన్నాయి, మూత్రపిండాల్లో ఉన్నాయి. వేలు ముందుగా కూత పెట్టింది, విను. చల్లనీళ్ళు వద్దు. ఎండ వద్దు. ఒంటికి అలుపు వద్దు. నెల నెలా నాకు కనపడు."

మలేరియాకు ఇచ్చే మాత్రలు రాసింది. పూర్తిగా పోగొట్టవుగానీ అణిచిపెడతాయనింది. వేసుకుంటే ఒళ్ళు కొంచెం పచ్చబడుతుందని, భయపడొద్దని చెప్పింది. "సరిపోయింది. మా ఇంట్లో నీలం అయిపోయి పసుపు మొదలు" అనింది పంకజం. ఆరోగ్యమేరి పక్కకు తిరిగి నవ్వుకుంది.

ఇంటికి వస్తా ఉంటే చిన్నపొన్ను అడిగింది: "ఏమక్కా, ఇంత జబ్బు చెప్తే నువ్వు ఏడవలేదే?" పంకజం ఆలోచించింది. ఏడుపు రాలేదు, నిజమే. భయం ఉండింది, లేకుండా ఏం. కానీ దానికంటే పెద్దది ఇంకొకటి లోపల లేచి కూర్చుంది. నేను అబద్ధం చెప్పలేదు. సోమరిదాన్ని కాను. నా చేతులకు నేనే సాక్షి. "పేరు తెలిసింది కదే. పేరు లేనప్పుడు చాలినంత ఏడిచినాలే" అనింది.

వాకిట్లో కాలు పెట్టేసరికి కర్పూరం వాసన. కాగు లేచింది! నురుగు కట్టింది, రాగి మెరుపు తిరిగింది. వెంకటపతి టెంకాయ కొట్టి వీధికంతా చక్కెర పంచినాడు. ఆగిపోయిన నూలంతా పొద్దున్నించీ ముంచి దండేలమీద వేసినాడు. తెల్లారితే కడగాల. పంకజం మందు చీటీ చూపించి, డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది.

"వేలికి పుండు లేస్తే పెద్దాసుపత్రా?" అన్నాడు ఆయన, నూలు తట్టే చూస్తా. "ఆ డాక్టరమ్మ ఎప్పుడన్నా కాగులో చెయ్యిపెట్టిందా? రంగు సంగతి నాకు చెప్పొచ్చిందా?"

"చల్లనీళ్ళు పడవంట మహారాణికి" అనింది పొన్నమ్మ. "పన్నీరు తెప్పిస్తామా?"

"ఈ ఒక్క కాగు నూలు కడిగిపెట్టు. తర్వాత చూస్తాంలే" అన్నాడు వెంకటపతి.

ఈ ఒక్క కాగు. పెళ్ళయిన మొదటి ఏడు నుంచీ ఒక్క కాగే. రెండో కడుపుతో ఉన్నప్పుడు కూడా ఈ ఒక్క కాగే. వాదం పెట్టుకుంటే ఆయన గొంతు పెద్దది, అత్త నోరు పెద్దది. కానీ వీళ్ళిద్దరికీ నమ్మకం ఉండే భాష ఒకటుంది, అది నాకూ వచ్చు అనుకుంది పంకజం. వెలుతురు ఉండగానే రెండు బేసిన్లు తెచ్చి అరుగుమీద పెట్టింది. ఒకదాంట్లో తొట్టి నీళ్ళు. ఇంకొకదాంట్లో పొయ్యిమీది గోరువెచ్చని నీళ్ళు. కొత్త రంగు నిలుస్తుందా లేదా అని రంగు మేస్త్రులు చూసే పరీక్ష అది.

"మేస్త్రీ" అని పిలిచింది, షావుకార్లు పిలిచినట్టు. "ఒక రంగు చూసి చెప్పాల."

ఆ మాటకు వెంకటపతి లేవకుండా ఉండలేడు. వచ్చి కూర్చున్నాడు. ఆమె కుడిచెయ్యి ముందర పెట్టింది. "దీనిమీద రంగు ఏమన్నా ఉందా?" ఆయన అలవాటుగా కన్ను చికిలించి, వెలుతురుకు తిప్పి చూసినాడు. గోళ్ళు చూసినాడు. "లేదు." "అత్తా, నువ్వు చూడు." "లేదులే, ఏమి ఆట ఇది?"

చన్నీళ్ళలో పెట్టింది. ముగ్గురూ చూస్తా ఉన్నారు. వేళ్ళు తెల్లబడినాయి. వెంకటపతి ముందుకు వంగినాడు. తెలుపులోకి నీలం దిగింది, కొననుంచి కణుపుకు, కణుపునుంచి ఇంకో కణుపుకు. గాలి తగిలిన నూలు తిరిగినట్టే తిరిగింది. "నీలం..." అన్నాడు, తనకు తెలీకుండానే. ఆమె చెయ్యి తీసి వెచ్చనీళ్ళలో పెట్టింది. నీలం కరిగిపోయి ఎరుపు వచ్చింది. బేసిన్లో నీళ్ళు తేటగా ఉన్నాయి. చుక్క రంగు వదలలేదు.

ఆయన నీళ్ళు చూసినాడు. చెయ్యి చూసినాడు. మళ్ళీ నీళ్ళు చూసినాడు. "ఇంకో తూరి పెట్టు."

"పెట్టను. నొప్పి నాది. ఒక్కతూరి చూపిస్తానని పెట్టినా, చూపించినా." పంకజం గొంతు పెంచలేదు. "కాగుకు చలేస్తా ఉందని నీకెట్లా తెలిసింది మామా?"

"చెయ్యేసి చూసినా."

"తొమ్మిదేండ్లలో ఈ చేతిమీద ఒక్కనాడు చెయ్యేసి చూసినావా?"

పొన్నమ్మ నలభై ఏండ్లు కడిగిన తన చేతులు చూసుకుని, వాటిని పైటచెంగు కిందికి లాక్కుంది.

"రేపటినుంచి నేను తొట్టి ముందర కూర్చోను" అనింది పంకజం, చెయ్యి తుడుచుకుంటా. "మిద్దెమీదికీ పోను. ఉత్తరపు కిటికీ కింద నీడలో కూర్చుని రంగు పోలుస్తా. షావుకారు వస్తే నేనే చెప్తా. ఎవరి కన్ను మేలో నీకు తెలుసు. ఇక కడిగే చెయ్యి ఎవరిదని నన్ను అడగబాక. ఇన్నాళ్ళూ నాదే ఎందుకని నేను నిన్ను అడగలేదు." బేసిన్లు రెండూ తులసిచెట్టు మొదట్లో కుమ్మరించి లోపలికి పోయింది. ఆ పొద్దు అన్నం అందరితోపాటే కూర్చుని తినింది, ఉడుకుడుకుగా.

మరునాడు వెంకటపతి తెల్లవారకముందే లేచినాడు. అలవాటుగా కాగు దగ్గరికే పోయినాడు ముందు. చెయ్యేసి చూసినాడు. దానిమీది పట్టాల్లో ఒకదాన్ని తీసి దులిపి, మడతపెట్టి, తాను కూర్చుని రంగు చూసే పీటమీద పరిచినాడు. పీట తెచ్చి ఉత్తరపు కిటికీ కింద వేసినాడు. దండేలమీది నూలు ఎత్తుకుని పెరట్లోకి పోయి తొట్టి ముందర కూర్చున్నాడు. గోడ అవతల పక్కింటి మేస్త్రి పుల్లతో పళ్ళు తోముకుంటా నిలబడిపోయినాడు.

"మగాడు కడిగితే వీధి నవ్వుతుందిరా" అనింది పొన్నమ్మ.

"నవ్వనీ."

మొదటి చిలప ఏడు మార్లు కడిగినాడు. రెండోది కడిగినాడు. మూడోదాంట్లో నడిమిలో, చన్నీళ్ళకు వేళ్ళు తిమ్మిరెక్కితే ఆగి, చేతులు పైకి తీసి, ముందూ వెనకా తిప్పి పది వేళ్ళూ చూసుకున్నాడు. తర్వాత మళ్ళీ నీళ్ళలో పెట్టినాడు.